వసంతారంభమున పెరటిలో పూచు గడ్డజాతి మొక్కలు

శివరాత్రి దాటి చలి తగ్గిన పిమ్మట, ఉగాది వచ్చులోపల, సికింద్రాబాదు ఏ.ఎస్. రావు నగరునందలి పాత ఇండ్ల ముందు నడచువారికి ఒక వింత కానవచ్చును. నెల దినముల క్రిందట వట్టి మట్టి మాత్రమే యున్నట్లు తోచిన కుండీనుండి ఆకైనను లేని లావుపాటి కాడ యొకటి పైకి లేచి, దాని కొనయందు సన్నాయి మూతివంటి ఎర్రని పూలు రెండో నాలుగో వేర్వేరు దిక్కులకు తిరిగి విచ్చుకొని యుండును. ఇంటివారు దీనిని ‘ఎర్ర లిల్లీ’ యందురు. నర్సరీలలో అమరిల్లిస్ అని అమ్ముదురు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు హిప్పియాస్ట్రమ్. దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికా ఖండము.

ఈ కాలనీ 1967లో హైదరాబాదున నెలకొల్పబడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ ఉద్యోగుల నివాసమునకై ఏర్పడినది. ఆ సంస్థ వ్యవస్థాపకుడైన డాక్టరు అయ్యగారి సాంబశివరావు (1914–2003) గారి పేరే దీనికి పెట్టబడినది. ప్రక్కనున్న కాప్రా 2007లో గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో విలీనమగు వరకు ప్రత్యేక పురపాలక సంఘముగా నుండెను. చుట్టునున్న పల్లెలు నగరములో కలిసిపోయినను, ప్రహరీగోడ వెంట నాలుగడుగుల మట్టి మిగిల్చుకొని అందులో మొక్క నాటు అలవాటు కొన్ని ఇండ్లలో నేటికిని నిలిచియున్నది. అచ్చటి ఎర్ర చల్కా నేలవంటిదే తెలంగాణలోని ఎన్నియో గ్రామముల నేల గనుక, అచ్చట పూచినది మన పెరటిలోను పూయును.

ఉల్లిగడ్డను నిలువునా కోసి చూచినచో గడ్డ యననేమో తెలియగలదు. అడుగున పళ్ళెమువలె నున్న చిన్న భాగమే అసలు కాండము. దానిపై పొరలు పొరలుగా నున్నవి ఆహారము నిలువచేసికొన్న ఆకులు. నడుమ మొగ్గ దాగియుండును. చేమ, పసుపు, ఆలుగడ్డలలో ఈ పొరలు లేవు. అవి ఉబ్బిన కాండములు. ఈ భేదము తెలియుట పండితుల కొరకు కాదు. పొరల గడ్డలో రాబోవు పూవు చాల ముందుగనే తయారైయుండును. ఎర్ర లిల్లీ గడ్డలో నాలుగు ఆకులు పుట్టిన పిమ్మట ఒక పూమొగ్గ పుట్టును. ఆ మొగ్గ నెలల తరబడి లోపలనే పెరిగి, మరుసటి వసంతమున గాని అంతకు తరువాత గాని వెలికి వచ్చును. ‘పూలు అయిపోయినవి, ఇక ఆకులెందుకు?’ అని కోసివేయువారు కలరు. అట్లు చేసినవారు రాబోవు ఏటి పూలనే కోసికొనుచున్నారు. మా గడ్డ పూయుటలేదని చెప్పువారిలో పలువురి ఇంట జరుగుచున్నది ఇదియే.

కావున పూలు వాడిన పిదప కాడను మాత్రము తీసివేసి, ఆకులను వర్షకాలమంతయు పెరుగనిచ్చి, పశువుల ఎరువు వేయుచుండవలెను. కార్తీకము దాటిన పిమ్మట నీరు క్రమముగా తగ్గించి, ఎనిమిది పది వారములు దాదాపు పూర్తిగా మానివేయవలెను. ఆకులు పండి రాలినచో భయపడనక్కరలేదు. అది మొక్కకు విశ్రాంతికాలము. మాఘమాసాంతమున మరల నీరు పోసినచో ఆరు మొదలు ఎనిమిది వారములలో కాడ వచ్చును. నాటునప్పుడు గడ్డను పూర్తిగా పూడ్చక, మెడతోపాటు పైభాగము కొంత మట్టిపైన నుండునట్లు చూడవలెను. రేగడి నేలయందు నీరు నిలిచి గడ్డ కుళ్ళును గనుక మట్టిని ఎత్తుచేసి, ఇసుక కలిపి నాటుట మేలు. కుండీ క్రింది పళ్ళెములో నీరు నిలువనిచ్చినచో గడ్డ కుళ్ళుటయే గాక దోమలును పెరుగును.

ఇక ట్యులిప్, హయాసింత్ మొదలగు చలిదేశపు గడ్డలను గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. శ్రీనగరులో జబర్వాన్ కొండల పాదమున మార్చి, ఏప్రిల్ నెలలలో విరియు ట్యులిప్ తోట చిత్రములను చూచి ముచ్చటపడి, ఆ గడ్డలను అధికమైన వెలకు తెప్పించుకొనువారు మన ప్రాంతమునను కలరు. ఆ గడ్డ పూయుటకు దాదాపు మూడు నాలుగు నెలల పాటు తొమ్మిది డిగ్రీల సెంటీగ్రేడునకు లోబడిన చలి కావలెను. హైదరాబాదులో చలికాలపు రాత్రులు కూడ సాధారణముగా పదమూడు, పదునాలుగు డిగ్రీల చెంతనే నిలుచును. పగలు ఇరువదియెనిమిదికి చేరును. రిఫ్రిజిరేటరులో పెట్టి చలి తగిలించిన గడ్డ ఒకసారి పూచిన పూయవచ్చును. మన ఎండకు తాళలేక మరుసటి ఏటికి మిగులదు. రిఫ్రిజిరేటరులో పండ్ల సరసన నుంచినచో పండ్లనుండి వెలువడు ఎథిలీన్ వాయువు వలన లోపలి మొగ్గయే చచ్చును. ఉర్దూ కవులు పొగడిన నర్గీస్ జాతిలో ఒక తెల్లని రకము మాత్రము అంత చలి కోరదు. ఏమైనను పంచాయతీ ధనముతో ఇట్టి గడ్డలు కొనుట తగని పని యని మా అభిప్రాయము.

మన వాతావరణమున కిమిడినవి వేరే కలవు. గ్లాడియోలస్ దుంపలను అక్టోబరు, నవంబరు నెలలలో నాటినచో చలి వదలులోపల పూచును. ఎండలు ముదిరి తొలి జల్లు పడు వేళకు బంతివలె గుండ్రని ఎర్ర పూగుత్తితో ఫుట్‌బాల్ లిల్లీ లేచును. వాన వెలిసిన కొలది దినములకే గులాబి, పసుపు, తెలుపు రంగుల రెయిన్ లిల్లీలు విచ్చును. వీటినన్నిటిని లిల్లీ యనుచున్నాము గాని వీటిలో ఒక్కటియు అసలైన లిల్లీ కుటుంబమునకు చెందినది కాదు.

ఆదాయము నిచ్చు గడ్డ మరియొకటి. బజారులో లిల్లీ పూలని పిలువబడు నేలసంపెంగ మెక్సికో నుండి వచ్చినను మన పూలదండలలో స్థిరపడిపోయినది. గుడిమల్కాపురము పూలమార్కెట్టునకు వచ్చు పూలలో ఇదియు ఒకటి. దీనిని నాటుటకు ఈ ఫిబ్రవరి, మార్చి నెలలే తగిన కాలము. ఒకటిన్నర మొదలు రెండున్నర సెంటీమీటర్ల మందముగల గడ్డలను ఏరి, నాలుగైదు సెంటీమీటర్ల లోతున, ఇరువది, ముప్పది సెంటీమీటర్ల ఎడముగా నాటవలెను. మూడు నాలుగు నెలలకు పూత మొదలగును. ఒకసారి నాటిన తోటను రెండు మూడేండ్లు ఉంచుకొనవచ్చును. ఒకసారి పూచిన గడ్డ మరల పూయదు. దాని ప్రక్కన పుట్టిన పిల్లగడ్డలే పూయును. ఒంటిరెక్క రకములు దండలకు, ముద్ద రకములు కాడతో సహా గుత్తులకు ఉపయోగించును. బెంగుళూరు చెంత హెసరఘట్టయందలి భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన శృంగార్, ప్రజ్వల్ ఒంటిరెక్కవి. సువాసిని, వైభవ్ ముద్దవి. వేళ్ళపై బుడిపెలు కట్టించు నులిపురుగు దీనికి పెద్ద శత్రువు. శృంగార్ రకము దానిని కొంత తట్టుకొనును. తోట తీసివేసిన మడిలో ఒక పంట బంతి వేయుట కూడ ఆ పురుగును తగ్గించును.

ఇప్పుడు చెప్పబోవునది సభ్యులు ముఖ్యముగా గమనింపవలెను. ఎర్ర లిల్లీ, నర్గీస్, చెరువుగట్లపై కనబడు విషముంగలి, వీని గడ్డలు చూచుటకు ఉల్లిగడ్డవలె నుండును. లోపల విషము గలదు. తిన్నచో వాంతులు, విరేచనములు కలుగును. వీటన్నిటికంటె ఘోరమైనది అడవినాభి. ఎరుపు, పసుపు రంగులు కలిసిన మంటవంటి దాని పూవు చూచి, వానకాలమున అడవినుండి దుంప త్రవ్వి తెచ్చి కంచెకు నాటువారు కలరు. దాని దుంపలో కొల్చిసిన్ అను విషము గలదు. కొద్దిగ తిన్నను ప్రాణము పోవచ్చును. దానికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. కావున అంగన్‌వాడీ, బడి ఆవరణములలో అడవినాభిని ఎంతమాత్రము ఉంచరాదు. మిగిలిన గడ్డలను పిల్లలకు అందని చోట, పశువులు మేయని చోట నాటించవలెను. త్రవ్వి ఆరబెట్టిన గడ్డలను వంటయింటి ఉల్లిగడ్డల దరి చేర్చక, పేరు వ్రాసిన సంచిలో కట్టి దూలమునకు వ్రేలాడదీయుట మంచిది. ఎవరైన పొరపాటున తిన్నచో ఇంటివైద్యముతో కాలము గడపక, 108కు కబురుచేసి, తిన్న గడ్డ ముక్కను కూడ వైద్యునికి చూపవలెను.

గడ్డలు కొనుటకు ఎక్కువ వ్యయము అవసరము లేదు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము (2018) ననుసరించి గ్రామమునకొక నర్సరీ యుండవలెను గదా! అందులో ఒక మడిని తల్లిగడ్డలకై కేటాయించినచో, పుట్టిన పిల్లగడ్డలను ఇంటింటికి పంచవచ్చును. కొత్త రకములకు తూర్పు గోదావరి జిల్లా కడియము నర్సరీలు ఉండనే యున్నవి. మరియొక మార్గమును కలదు. ఏ.ఎస్. రావు నగరువంటి కాలనీలలో పాత ఇండ్లు పడగొట్టి అంతస్తుల భవనములు కట్టుచున్నారు; ఏండ్ల తరబడి పెరిగిన గడ్డలు రాళ్ళతో, మట్టితో కలిసి లారీలలో పోవుచున్నవి. నగరమున బంధువులున్నవారు ముందుగా అడిగినచో ఇంటివారు సంతోషముతోనే ఇత్తురు. పుష్యమాసమున ఆకులు పండియున్నప్పుడు త్రవ్వుట సులువు. వేళ్ళు తెగకుండ పెల్లగించి, మట్టి దులిపి, వారము దినములు నీడలో ఆరబెట్టి నాటవలెను. పెద్ద గడ్డలు ఆ వసంతముననే పూయవచ్చును. పిల్లగడ్డలకు రెండు మూడేండ్లు పట్టును.