గుమ్మడి బరువు: కంటి అంచనాయు, కాటా తూకమును

కోనసీమ రైతు తన పంటను లెక్కపెట్టి అమ్ముటకు అలవాటుపడినవాడు. అంబాజీపేటలో కొబ్బరికాయల ధర వేయింటికి ఇంత యని పలుకును. రావులపాలెములో అరటి ధర గెలకు ఇంత యని పలుకును. గుమ్మడికాయలకు సైతము పెక్కుచోట్ల కాయలెక్కనే బేరము సాగును. కొనువాడు పాదు గట్టున నిలిచి, కాయను ఒకమారు దొర్లించి, వ్రేలితో తట్టి, ఇంత తూగునని చెప్పును. ఆ మాటయే ధరకు ఆధారమగును. ఆ చూపు తప్పినయెడల నష్టపడు వాడెవడో మనము విచారింపవలసియున్నది.

చిన్నకాయ విషయమున కన్ను అంతగా మోసపోదు. పెద్దకాయ యొద్దనే చిక్కు. కన్ను వెడల్పును చూచును. బరువో, పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటిని అనుసరించి పెరుగును. 40 అంగుళముల చుట్టుకొలత గల కాయ 10 కిలోలు తూగినదనుకొందము. అదే ఆకారమును, అదే పాటి కండయు గల 48 అంగుళముల కాయ ఎంత తూగును? 12 కిలోలని నోటికి వచ్చును. లెక్కవేసి చూడగా 17 దాటుచున్నది. 12కే అమ్మినవాడు అయిదు కిలోలు ఊరక ఇచ్చినట్లే గదా! శ్రమపడి పెద్దకాయ పండించినవానికే పెద్ద నష్టము.

కొలతత్రాడును నమ్మినను చాలదు. గింజల గది పెద్దదై కండ పలుచనైన కాయ చూపునకు ఘనముగా నుండియు కాటాపై తేలిపోవును. అమెరికా, యూరపు ఖండములలో భారీ గుమ్మడికాయలను పోటీకి పెంచువారు ఈ సంగతి చక్కగా ఎఱుగుదురు. వారు కాయ చుట్టుకొలతను, మీదుగా నిలువుకొలతను, అడ్డుకొలతను తీసి, మూడింటిని కూడి, పూర్వపు తూకములనుండి కట్టిన పట్టికలో బరువు చూచుకొందురు. అయినను పట్టికను మించి తూగు కాయలును, దానికి తగ్గు కాయలును ఏటేట కనబడుచునే యుండును. 2023 అక్టోబరులో కాలిఫోర్నియాలోని హాఫ్ మూన్ బే పోటీలో ట్రావిస్ గీంజర్ అను నతని కాయ 2,749 పౌనులు, అనగా సుమారు 1,247 కిలోలు తూగి, నాటికి ప్రపంచమున అన్నిటికంటె బరువైనదిగా నిలిచెను. అచ్చటను తీర్పు చెప్పినది కాటాయే.

కంటి అంచనా వట్టిదని మేము చెప్పుట లేదు. 1906లో ఇంగ్లండునందలి ప్లిమత్ పశుప్రదర్శనలో ఒక యెద్దు మాంసము ఎంత తూగునో చూపరులు చీటీలపై వ్రాసిరి. ఫ్రాన్సిస్ గాల్టన్ అను శాస్త్రజ్ఞుడు 787 చీటీలను వరుసగా పేర్చి నడిమిదానిని చూడగా 1,207 పౌనులు. అసలు తూకము 1,198. తేడా నూటికి ఒకపాలైనను లేదు! అయితే అచ్చట కలిసినవి వందల కన్నులు. ఎక్కువ చెప్పినవారి తప్పును తక్కువ చెప్పినవారి తప్పు కొట్టివేసెను. మన పాదు గట్టున నున్నది ఒక్క కన్ను, అదియు కొనువానిది.

సంక్రాంతికి గుమ్మడి దానముల కొఱకు గిరాకి హెచ్చును. దానికి ముందే ప్రతి సంఘమువారును వాకిట చిన్నవి, పెద్దవి కలిపి పది కాయలుంచి, సభ్యులచే అంచనాలు వ్రాయించి, పిమ్మట తూచి చూడవలెనని కోరుచున్నాము. ఒకరి చీటీ మఱియొకరు చూడరాదు. చూచినచో అందఱును ఊరిపెద్ద మాటనే వ్రాయుదురు. చుట్టుకొలతను, తూకమును సంఘపు పుస్తకమున ఎక్కించుచు వచ్చిన, కొన్ని ఏండ్లకు మన నేలకు, మన విత్తనమునకు తగిన పట్టిక ఏర్పడును. తూచునపుడు మాత్రము ఖాళీకాటా సున్న చూపుచున్నదో లేదో, ముద్ర గడువు దాటినదేమో ముందు చూచుకొనవలెను. కాయకంటిన మట్టిని తుడువవలెను. గోనెతో తూచినచో గోనె బరువు తీసివేయవలెను.