నడకకు భయం వద్దు, బరువులకు తొందర వద్దు

2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ గుండెపోటుతో కన్నుమూశారు. ఆయన వయసు 46. క్రమం తప్పక వ్యాయామం చేసే మనిషి. ఆ వార్త తర్వాత బెంగళూరులో గుండె పరీక్షల కోసం జనం ఆసుపత్రులకు పోటెత్తారు. ఆ భయం మన ఇళ్లలోనూ ఉంది. "డాక్టరుగారిని అడిగాకే నడక మొదలుపెట్టాలా?" అని పెద్దలు మమ్మల్ని అడుగుతుంటారు.

అందరూ అడగనక్కరలేదు. ఏ జబ్బూ, ఏ ఇబ్బందీ లేనివారు మెల్లగా నడక మొదలుపెట్టవచ్చు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2015లో తన సూచనలను మార్చింది. వయసు కంటే మూడు సంగతులు చూడమంది: ఇప్పటికే వ్యాయామం అలవాటు ఉందా, గుండె జబ్బు, షుగరు, కిడ్నీ జబ్బు లేదా వాటి లక్షణాలు ఉన్నాయా, చేయబోయే శ్రమ ఎంత.

మెట్లెక్కుతుంటే ఛాతీ బిగిసినట్లున్నా, మామూలు పనికే ఆయాసం వస్తున్నా, కళ్లు తిరిగి పడిపోతున్నా ముందు వైద్యుడు, తర్వాతే వ్యాయామం. పై జబ్బులుండి ఇన్నాళ్లూ కూర్చునే గడిపినవారికీ ఇదే మాట. కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉంటే అదీ వైద్యుడికి చెప్పాలి.

"జిమ్‌కు వెళ్లొచ్చా?" అని అడిగి వచ్చేస్తే చాలదు. వాడుతున్న మందుల చీటీ చూపాలి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడేవారికి వ్యాయామంలో షుగరు పడిపోవచ్చు. మెటోప్రోలాల్ వంటి మాత్రలు నాడి వేగాన్ని పెరగనివ్వవు. అప్పుడు చేతి వాచీ చూపే అంకెను బట్టి శ్రమను కొలవలేము. షుగరు వల్ల రెటీనా బాగా దెబ్బతిన్నవారు ఊపిరి బిగబట్టి బరువులెత్తితే కంట్లో రక్తస్రావం కావచ్చు. పాదాల్లో స్పర్శ తగ్గినవారు సరైన బూట్లు లేకుండా నడవకూడదు.

ఈసీజీ బాగున్నంత మాత్రాన రక్తనాళాల్లో అడ్డు లేదని కాదు. మామూలు ఈసీజీలో కనబడేది విశ్రాంతిగా పడుకున్నప్పటి గుండె తీరే. అవసరమనుకుంటే వైద్యుడు ట్రెడ్‌మిల్ పరీక్ష రాస్తారు. జిమ్‌లో చేరేటప్పుడు మనం సంతకం చేసే కాగితం వైద్యుడి అనుమతి కాదు. అనుమతి దొరికాక కూడా కొత్తగా ఛాతీలో నొప్పి వస్తే అక్కడే ఆగి వైద్యసహాయం కోరాలి.

కదలకపోవడమూ ప్రమాదమే. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. షుగరుకు మందు వాడుతున్న నాన్నగారు జిమ్‌లో చేరతానంటే వద్దనకండి. మందుల చీటీ పట్టుకొని ఆయన వెంట డాక్టరు దగ్గరకు వెళ్లండి.