అరిగేది క్లచ్ ప్లేటే, సాఫ్ట్‌వేర్ కాదు

సంక్రాంతి ముందు కోనసీమలో రాజోలు, మలికిపురం వైపు పల్లెల్లో ఇది మామూలే. కువైట్ నుంచో హైదరాబాద్ నుంచో ఇంటాయన దిగుతాడు. కొబ్బరిచెట్ల నీడన టార్పాలిన్ కప్పి నెలల తరబడి నిలిపి ఉంచిన కారు తీస్తారు. ఎలాగోలా ఇంజిన్ అందుకుంటుంది, గేరు మాత్రం పడదు. మీటర్ల మధ్య ‘ఎన్’ (న్యూట్రల్) అక్షరం ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. బీరువాలో కాగితాలు తీసి చూస్తే వారంటీ ఎప్పుడో దాటిపోయింది. “గేరుబాక్సు పోయిందండి, మార్చాల్సిందే” అన్న మాట చెవిన పడేసరికి ఇంట్లో పండగ కళ తప్పుతుంది.

ఆ మాటకు కంగారుపడి ఎస్టిమేటు మీద సంతకం పెట్టేయనక్కర్లేదు. మొరాయించింది గేరుబాక్సో, దాన్ని నడిపే కంప్యూటరో, ఆ కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే బ్యాటరీయో ముందు తేలాలి.

పాత కార్లలో గేరు రాడ్డుకీ గేరుబాక్సుకీ మధ్య ఇనప కడ్డీయో కేబులో ఉండేది. ఎక్కడ బిగుసుకుందో చేతికే తెలిసేది. 2014లో మారుతీ సెలెరియో ఏఎంటీతో వచ్చాక, క్లచ్ తొక్కే పని లేని కారు మధ్యతరగతికి అందుబాటులోకి వచ్చింది. ఏఎంటీ లోపల ఉండేది మామూలు గేరుబాక్సే. క్లచ్ తొక్కడం, గేరు మార్చడం మనిషికి బదులు యాక్చువేటర్ అనే పరికరం చేస్తుంది, దానికి కంప్యూటర్ ఆజ్ఞ ఇస్తుంది. క్లచ్ ప్లేటు ఎక్కడ పట్టు అందుకుంటుందో కంప్యూటర్ ఒక కొలత గుర్తుపెట్టుకుంటుంది. ప్లేటు అరిగే కొద్దీ ఆ కొలత జరుగుతుంది. జరిగిన కొలతను స్కానర్ పెట్టి మళ్లీ నేర్పించాలి. దీన్నే వర్క్‌షాపుల్లో క్యాలిబ్రేషన్ అంటారు. అది చేయకపోతే బండి కదిలేటప్పుడు జెర్కు ఇస్తుంది, ఒక్కోసారి గేరే తీసుకోదు.

ప్లేటు అరిగినా, కొలత తప్పినా, బ్యాటరీ దిగిపోయినా పైకి కనిపించేది ఇంచుమించు ఒకటే. అందుకే ఖర్చు తక్కువ పరీక్ష ముందు, ఎక్కువది ఆఖరున జరగాలి. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. 12 కన్నా కిందికి దిగితే కంప్యూటర్ లేనిపోని ఎర్రర్ కోడ్‌లు చూపిస్తుంది. గల్ఫ్ వెళ్లిన వాళ్ల ఇళ్లలో నిలబడిపోయిన కార్లలో మొదట అనుమానించాల్సింది దీన్నే. ఆ తర్వాత చూడాల్సింది టెర్మినళ్లు, ఎర్త్ వైరు, సముద్రపు గాలికి చిలుము పట్టిన కనెక్టర్లు, ఎలుకలు కొరికిన వైరింగు. ఇవన్నీ బాగున్నాయని తేలాకే స్కానర్. స్కానర్‌లో ‘పీ0700’ వచ్చిందని చెప్పినంత మాత్రాన గేరుబాక్సు పోయినట్టు కాదు. గేరుబాక్సు కంప్యూటర్ తన దగ్గర ఏదో తప్పు నమోదు చేసిందన్న కబురు మాత్రమే అది. ఆ తప్పేమిటో చెప్పే రెండో కోడ్ ఇంకోటి ఉంటుంది, అడగాల్సింది దాన్ని. కోడ్‌లు చెరిపేయకముందే స్క్రీన్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. చెరిపేశాక వాదించడానికి చేతిలో ఏమీ మిగలదు.

రెండు క్లచ్‌లుండే డీసీటీ కథ వేరు. బేసి గేర్లకు ఒకటి, సరి గేర్లకు ఒకటి. పొడి క్లచ్ రకం అయితే వేడి దానికి శత్రువు. అంబాజీపేట కొబ్బరి లారీల వెనక, కోతల రోజుల్లో ధాన్యం ట్రాక్టర్ల వెనక, కాలవగట్టు రోడ్డు మీద అంగుళం అంగుళం జరిగే ప్రయాణంలో ఆ క్లచ్ సగం పట్టి సగం వదిలి రాసుకుంటూనే ఉంటుంది. ఈ పొడి క్లచ్ రకమే అయిన ఫోక్స్‌వ్యాగన్ ఏడు గేర్ల డీఎస్‌జీ మీద చైనాలో గగ్గోలు రేగింది. 2012లో కంపెనీ అక్కడ ఆ గేరుబాక్సు వారంటీని పదేళ్లకు పెంచింది. 2013 మార్చిలో ప్రభుత్వ టీవీ దాని లోపాల్ని బయటపెట్టాక కంపెనీ 3,84,181 కార్లను రీకాల్ చేసింది. గడువు అనేది రాతిమీద గీత కాదని, గట్టిగా అడిగితే కంపెనీలు జరుపుతాయని కొనుగోలుదారులు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది.

తప్పు ఇనుములో కాక సాఫ్ట్‌వేర్‌లో ఉండొచ్చనడానికి మన దేశంలోనే ఒక స్పష్టమైన ఉదాహరణ ఉంది. 2014లో తయారైన సీవీటీ రకం హోండా సిటీ కార్లలో 3,879 బళ్లను కంపెనీ 2015లో వెనక్కి పిలిచింది. సీవీటీలో గేరు మార్చడానికి పళ్లచక్రాలుండవు, రెండు పుల్లీల మధ్య బెల్టు నడుస్తుంది. పాత సాఫ్ట్‌వేర్ లెక్కల వల్ల లోపలి పుల్లీ షాఫ్టు దెబ్బతిని, విరిగిపోయే ప్రమాదం కూడా ఉందని తేలింది. మందు సాఫ్ట్‌వేర్ మార్చడం. అంటే ఇనప షాఫ్టు విరగడానికి కారణం ప్రోగ్రామ్‌లో ఉంది! ఇలాంటి బండి వారంటీ దాటాక ఆగిపోతే, విరిగిన షాఫ్టును చేతిలో పెట్టి ఇది అరుగుదల అనడం ఎంత తేలికో ఊహించుకోవచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లోనే పెనుకొండ దగ్గర తయారయ్యే కియా సెల్టోస్‌కూ ఇటువంటిదే ఎదురైంది. ఐవీటీ అనే సీవీటీ రకం గేరుబాక్సులో నూనె పంపును నడిపే ఎలక్ట్రానిక్ కంట్రోలర్‌లో లోపం ఉండవచ్చని 2023లో తయారైన 4,358 బళ్లను 2024లో రీకాల్ చేశారు. అదే భాగం కోసం హ్యుందాయ్ 7,698 క్రెటా, వెర్నా కార్లను పిలిచింది. రీకాల్‌కు వారంటీతో పని లేదు, మరమ్మతు ఉచితం. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లకు మాత్రం ఈ కబురు అందకపోవచ్చు, కంపెనీ దగ్గరుండేది మొదటి యజమాని ఫోన్ నంబరు కాబట్టి. ఆర్సీ మీదుండే 17 అక్షరాల ఛాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూసుకుంటే రీకాల్ ఉందో లేదో తెలుస్తుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 110ఏ సెక్షన్ ప్రకారం ప్రభుత్వమే రీకాల్‌కు ఆదేశించవచ్చు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనలు ఏడేళ్ల లోపు బళ్లకు వర్తిస్తాయి. చాలా కంపెనీల వారంటీ మూడేళ్లయితే, చట్టం ఏడేళ్ల దాకా చూస్తోంది.

క్లచ్ ప్లేటు అరుగుతుంది, బేరింగ్ అరుగుతుంది, ఆయిల్ సీల్ ఎండిపోతుంది. వాటికి గడువు పెట్టడంలో న్యాయముంది. సాఫ్ట్‌వేర్‌కు అరుగుదల లేదు. నాలుగో ఏట బయటపడ్డ ప్రోగ్రామ్ తప్పు, బండి షోరూమ్‌లో దండ వేయించుకున్న రోజునే అందులో ఉంది. దాన్ని సరిచేయడానికి వారంటీ తేదీ అడగడం, డబ్బు అడగడం అన్యాయం. అమెరికాలో పవర్‌షిఫ్ట్ అనే డీసీటీ గేరుబాక్సున్న ఫోర్డ్ కార్ల విషయంలో ఈ తేడాను కొంతవరకు ఒప్పుకున్నారు. క్లచ్‌కు ఏడేళ్లు, గేరుబాక్సు కంప్యూటర్‌కు పదేళ్ల వారంటీ ఇచ్చారు. అదే గేరుబాక్సు గురించి ఆస్ట్రేలియాలో ఫిర్యాదు చేసిన వాళ్లకు మీరు నడిపే తీరు వల్లే కుదుపు వస్తోందని చెప్పి పంపారు. 2018లో అక్కడి ఫెడరల్ కోర్టు ఫోర్డ్‌కు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. “నడిపే తీరు” అన్న మాట మన కౌంటర్ల దగ్గరా వినిపించేదే.

కోనసీమలో అరుగుదలా సాఫ్ట్‌వేరూ కాని మూడో కారణం ఒకటుంది, అది గోదావరి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అంత రాకపోయినా ఏటా కనకాయలంక, ఎదురుబిడియం కాజ్‌వేలు మునుగుతూనే ఉంటాయి. నీళ్లు ఇంజిన్‌లోకి వెళ్లాయా అనే చూస్తారు చాలామంది. గేరుబాక్సుకు పైన గాలి పీల్చుకునే చిన్న గొట్టం ఉంటుంది. వేడిగా ఉన్న గేరుబాక్సు చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి, ఆ గొట్టంలోంచి నీళ్లను లాక్కుంటుంది. బండి ఆ రోజుకు బాగానే నడుస్తుంది. కొన్ని నెలలకు బేరింగులు మోత మొదలెడతాయి. నీళ్లలో దిగిన బండికి గేరు ఆయిల్ ఒక్క చుక్క తీసి చూస్తే చాలు, పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే వెంటనే మార్పించాలి. దీనికి వారంటీ వర్తించదు. బీమాలో ఇంజిన్, గేరుబాక్సు రక్షణ అనే అదనపు కవర్ తీసుకున్నారా లేదా అన్నదే ఇక్కడ తేడా తెచ్చేది.

ఇక బండిని ఎవరికి చూపించాలి? కొన్ని కంపెనీల వర్క్‌షాపులు అమలాపురంలో ఉన్నాయి. లేని వాటికి రాజమండ్రో కాకినాడో అరవై పైచిలుకు కిలోమీటర్లు పోవాలి, గేరు పడని బండైతే లారీకెక్కించాలి. కొత్తపేట షెడ్డులో ఇరవై ఏళ్ల అనుభవమున్న మెకానిక్ క్లచ్ విప్పి బిగించగలడు, కానీ కంపెనీ స్కానర్, దాని పాస్‌వర్డు అతని దగ్గర ఉండవు. ఇది అతని చేతకానితనం కాదు. విడిభాగాలు, పరీక్షా పరికరాలు బయటి మెకానిక్‌లకు దొరకనివ్వడం లేదని 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేస్తామనే షరతు కూడా కూడదంది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబరు 24న కేంద్రం ప్రారంభించిన ‘రైట్ టు రిపేర్’ పోర్టల్‌లో కార్ల రంగాన్నీ చేర్చారు. కొత్తపేట షెడ్డుకు ఆ స్కానర్ చేరిన రోజే ఆ ఉత్తర్వుకూ పోర్టల్‌కూ విలువ.

మాట తెగకపోతే వినియోగదారుల కమిషన్. ఆశలు అదుపులో పెట్టుకునే వెళ్లాలి. క్లచ్ లోపమున్న ఒక మారుతీ కారు కేసులో 2006లో సుప్రీంకోర్టు, వారంటీ షరతు చెడిన భాగం మార్చడం వరకేనని, దానికోసం మొత్తం కారే మార్చి ఇవ్వమనడం కుదరదని తేల్చింది. కాబట్టి కొత్త కారు ఇప్పించమనడం కన్నా ఖర్చు తిరిగి ఇప్పించమనడమే నిలబడే కోరిక. లోపం తయారీలోనే ఉందని చూపించే భారం ఫిర్యాదుదారుడిదే. దానికి ఆధారం జాబ్ కార్డులే. వారంటీ ఉన్న రోజుల్లోనే “రెండో గేరులో జెర్కు” అని రాయించిన కార్డు ఉంటే, గడువు దాటాక పుట్టిన జబ్బు అనడానికి వీలుండదు. సర్వీసు అడ్వైజర్ “జనరల్ చెకప్” అని రాస్తానంటే ఒప్పుకోకూడదు. చెప్పిన బాధ చెప్పినట్టు రాయాలి, వేసిన సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబరు బిల్లులో ఉండాలి.

ఫిర్యాదుకు కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలో కేసు వేయాలి. బండి ఎక్కడ కొన్నా, తాము ఉండే చోటి జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 10 లక్షల దాకా 200 రూపాయలు, 20 లక్షల దాకా 400. ముందు 1915కు ఫోన్ చేస్తే హెల్ప్‌లైన్ వాళ్లే కంపెనీతో మాట్లాడతారు. అక్కడ తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో జాబ్ కార్డుల ఫొటోలతో సహా ఫిర్యాదు ఎక్కించవచ్చు. వీడియోలో విచారణ కోరే వీలూ చట్టంలో ఉంది. బండి కదలకపోయినా, రాజోలు నుంచి గోదావరి దాటి వెళ్లే పని లేకుండా వాదన వినిపించవచ్చు.