తీరికకూ ఒక ఖాతా

2016లో యూపీఐ వచ్చాక డబ్బు పంపడం క్షణాల పని అయింది. పొరుగూరి చెక్కు సొమ్ము జమ కావడానికి రోజుల తరబడి ఎదురుచూసిన కాలం నాకు గుర్తే. మరి, మిగిలిన సమయమంతా ఏమవుతోంది?

పొదుపు గురించి మా బ్యాంకువాళ్లం చెప్పేది ఒకటే: ఖర్చుపోగా మిగిలింది దాచడం కాదు, ముందు దాచి ఆ తర్వాతే ఖర్చుపెట్టాలి. తీరికకూ అదే సూత్రం.

బెంగళూరులోని మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక టీవీ కట్టేసి, ఫోన్లు పక్కన పెట్టి, పావుగంట అమ్మ దగ్గర కూర్చుంటాం. ఆమె కథ చెబుతుంది. బడిలో కన్నడం, ఇంగ్లీషు చదివే నా మనవరాలు తెలుగులో ప్రశ్నలడుగుతుంది. రోజుకు పావుగంటంటే ఏడాదికి 91 గంటలు. రికరింగ్ డిపాజిట్‌లో చిన్న వాయిదాలే పెద్ద మొత్తమైనట్టు!

అమ్మకు ఎనభై దాటాయి. ఈ ఖాతాకు గడువు పొడిగింపు ఉండదు. మీ ఇంట్లోనూ ఈ రాత్రే తెరవండి.