వేలిముద్ర వేసే ముందు

ఆమధ్య జుమా నమాజు తర్వాత తాడేపల్లిగూడెంలో బంధువుల ఇంట్లో కూర్చుని ఉన్నాను. పొరుగింటి ఇల్లాలు ఒక కాగితం తెచ్చింది. "మౌల్వీ సాబ్, అరబీలో ఉందట. కాస్త చదివి చెప్పండి" అంది. కువైట్‌లో ఇంటిపనికి రాసిన ఖరారునామా అది. ఆమె భర్త కొల్లేరులో చేపల చెరువుకు కాపలా. కూతురి పెళ్లికి చేసిన అప్పు తీర్చడానికే ఈ ప్రయాణం. ఏజెంటు నోటితో చెప్పిన జీతం 120 దీనార్లు. కాగితంలో ఉన్నది 90. మర్నాడే వచ్చి వేలిముద్ర వేయమన్నారట.

నాకు గిర్మిట్ కూలీలు గుర్తుకొచ్చారు. గిర్మిట్ అంటే అగ్రిమెంటే. కూలీల నోళ్లలో నలిగి అలా మారింది.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. 1911 వరకు అలా నటాల్ చెరకు తోటలకు, బొగ్గు గనులకు వెళ్లినవారు సుమారు 1,52,000 మంది. మూడింట రెండు వంతులు మద్రాసు రాజధాని నుంచే. వారిలో తెలుగువారున్నారు, ముస్లింలూ ఉన్నారు. డర్బన్‌లో నేటికీ జనం దర్శించే బాద్షా పీర్ దర్గా, అలా కూలీగా వెళ్లిన షేక్ అహ్మద్ గారిదే.

ఒప్పందం ఐదేళ్లు. మొదటి ఏడాది కూలి నెలకు 10 షిల్లింగులు. గడువు తీరాక స్వదేశం పోనివారు, మళ్లీ ఒప్పందం రాయనివారు ఏటా 3 పౌన్ల పన్ను కట్టాలని 1895లో చట్టం చేశారు. అంటే తొలి ఏటి కూలిలో ఆరు నెలలది! తర్వాత 16 ఏళ్లు దాటిన కొడుకులకూ, 13 ఏళ్లు దాటిన కూతుళ్లకూ ఇదే పన్ను వేశారు.

దానికి తోడు 1913 మార్చిలో బాయి మరియం అనే ముస్లిం స్త్రీ విషయంలో కేప్ న్యాయస్థానం తీర్పు వచ్చింది. ఒకరికి మించి భార్యలను అనుమతించే మతాచారం ప్రకారం జరిగిన పెళ్లి చెల్లదన్నారు. నికాహ్ చేసుకున్న ఇల్లాళ్లూ, హిందూ ఇల్లాళ్లూ ఒక్క తీర్పుతో భార్యలు కాకుండా పోయారు.

ఆ అక్టోబరులో ట్రాన్స్‌వాల్ నుంచి వచ్చిన స్త్రీలు న్యూకాసిల్ గని కార్మికులను పని మానమని అడిగారు. గనులు ఆగాయి, తర్వాత చెరకు తోటలూ ఆగాయి. నవంబరు 6న గాంధీగారి వెంట 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు సరిహద్దు దాటి నడిచారు. అంతకుముందే డర్బన్‌కు చెందిన ఫాతిమా మహతాబ్, తల్లి హనీఫాబాయితోనూ ఏడేళ్ల కొడుకుతోనూ వెళ్లి అరెస్టయింది. వేలిముద్రలు వేయమంటే వేయనంది. తల్లీకూతుళ్లిద్దరికీ మూడు నెలల జైలు పడింది. తోటల్లో జరిగిన కాల్పులకు కొందరు కూలీలు బలయ్యారు.

1914లో ఆ పన్ను రద్దయింది. ఒక భార్య వరకు మన పెళ్లిళ్లకు గుర్తింపు వచ్చింది. 1917లో ఒప్పంద కూలీలను పంపడమే ఆపేశారు.

ఈనాటి వలస కూలీకి చట్టాలు లేకపోలేదు. కువైట్‌లో 2015లో చేసిన చట్టం ఇంటి పనివారికి వారానికి ఒకరోజు సెలవు ఇచ్చింది. వారు ఒప్పుకోకుండా పాస్‌పోర్టు అట్టిపెట్టుకోరాదంది. కానీ ఆ సంగతి ఆమెకు ఎవరు చెప్పాలి?

మర్నాడు ఆమె 120 అని రాస్తేనే వేలిముద్ర వేస్తానంది. ఏజెంటు కాగితం తీసుకుని వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. అప్పు మాత్రం అలాగే ఉంది.

కూలివాడి హక్కు ఎగ్గొట్టడం ఎంత పాపమో మనం మింబరు మీద నుంచి వింటూనే ఉంటాం. విన్నది చాలదు. ఏలూరులోనైనా, గూడెంలోనైనా ప్రతి మస్జిదులో జుమా తర్వాత చదువుకున్నవారొకరు పది నిమిషాలు కూర్చుని, ఇలాంటి కాగితాలు చదివి పెట్టాలి. ఒక నకలు ఇంట్లో ఉంచుకోమని చెప్పాలి. ఆమె చేతిలో కాగితం పెట్టి వెళ్లిపోయే ఏజెంటుకు, వెనక జమాఅత్ ఉందని తెలియాలి.