సమ ఉజ్జీలు

2000వ సంవత్సరంలో సిడ్నీలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో కరణం మల్లీశ్వరి బరువులెత్తే పోటీలో కాంస్య పతకం సాధించింది. ఒలింపిక్స్‌లో పతకం పొందిన తొలి భారతీయ మహిళగా చరిత్రలో నిలిచింది. ఆమె పోటీపడినది 69 కిలోల విభాగంలో. అంతకంటె పై విభాగాలలోని విజేతలు ఆమెకంటె ఎక్కువ బరువులెత్తారు. అయినా ఆ కారణంగా ఆ పతకం విలువను ఎవరూ తక్కువచేసి చూడలేదు. మల్లయోధులను సైతం శరీర భారాన్ని బట్టి విభజించి, సమ ఉజ్జీల మధ్యనే పోరు జరిపించడం మనకు తెలిసినదే. ఈ న్యాయమే మరుగుజ్జుతనం గల క్రీడాకారులకు కూడా వర్తించాలి. అయితే వారి విషయంలో కొలవవలసినది ఏమిటి? గీత ఎక్కడ గీయాలి?

మరుగుజ్జుతనానికి దారితీసే స్థితులు అనేకం ఉన్నాయి. వాటిలో ఎక్కువగా కనిపించేది అకాండ్రోప్లేసియా. ఒక జన్యువులో కలిగే మార్పువల్ల మృదులాస్థి ఎముకగా మారే ప్రక్రియ మందగిస్తుంది. అందువల్ల చేతులలో, కాళ్లలో ఉండే పొడవాటి ఎముకలు తగినంతగా ఎదగవు. మొండెం మాత్రం దాదాపు సాధారణ పరిమాణంలోనే ఉంటుంది. ఈ స్థితితో జన్మించే వారిలో అత్యధికుల తల్లిదండ్రులు సాధారణమైన ఎత్తు గలవారే. ఇది ఎవరి దోషమూ కాదు, ఎవరి పాపఫలమూ కాదు.

ఈ శరీర నిర్మాణం క్రీడలపై ప్రత్యక్షంగా ప్రభావం చూపుతుంది. కాలు పొట్టిదైతే అంగ చిన్నదవుతుంది. పొలంలో పిట్టలను తోలే వడిసెలను గమనించండి. తాడు పొడవుగా ఉన్నకొద్దీ రాయి వేగంగా దూసుకుపోతుంది. బల్లెం విసిరే చేతికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. కనుక కేవలం ఎత్తును కొలిస్తే చాలదు, చేతి పొడవును కూడా కొలవాలి.

పారా అథ్లెటిక్స్ నిబంధనలు ఈ సత్యాన్ని గుర్తించాయి. విసిరే పోటీలలో మరుగుజ్జుతనం గలవారికి ఎఫ్-40, ఎఫ్-41 అనే రెండు తరగతులు ఉన్నాయి. ఎఫ్-41లో పాల్గొనే పురుషుని ఎత్తు 145 సెంటీమీటర్లకు, చేతి పొడవు 66 సెంటీమీటర్లకు, రెండింటి మొత్తం 200 సెంటీమీటర్లకు మించరాదు. ఎఫ్-40లో ఈ పరిమితులు వరుసగా 130, 59, 180. స్త్రీలకు ఇంతకంటె తక్కువ కొలతలు నిర్ణయించారు. ఇక్కడ ఒక విశేషం ఉంది. 130కి 59 కలిపితే 189 అవుతుంది గాని 180 కాదు. అంటే ఎత్తులోనూ చేతి పొడవులోనూ గరిష్ఠ పరిమితిని అందుకొన్నవానికి ఎఫ్-40లో చోటు లేదు. ఒక కొలతలో పై అంచున ఉన్నవాడు రెండవదానిలో కొంత తగ్గి ఉండాలి.

2012 లండన్ పారాలింపిక్స్‌లో వీరందరికీ కలిపి ఒకే తరగతి ఉండేది. 2016 రియో క్రీడల నాటికి అది రెండయింది. ఈ విభజన అవసరమా అని సందేహించేవారికి 2021లో జరిగిన టోక్యో పారాలింపిక్స్ సమాధానం చెప్పింది. పురుషుల షాట్‌పుట్‌లో ఎఫ్-41 విజేత 14.06 మీటర్ల దూరం విసరగా, ఎఫ్-40 విజేత ప్రపంచ రికార్డు నెలకొల్పి కూడా 11.16 మీటర్లే విసిరాడు. ఇద్దరినీ ఒకే వరుసలో నిలిపి ఉంటే ప్రపంచ రికార్డు సాధించినవానికి పతకమైనా దక్కేది కాదు.

అన్ని క్రీడలూ ఒకే మార్గాన్ని అనుసరించలేదు. బ్యాడ్మింటన్‌లో వీరికి ఎస్‌హెచ్-6 అనే ఒకే తరగతి ఉంది. టోక్యోలో ఆ తరగతి పురుషుల సింగిల్స్ స్వర్ణాన్ని మన దేశానికి చెందిన కృష్ణ నాగర్ గెలుచుకొన్నాడు. ఈతలో ఇతర వైకల్యాలు గలవారితో కలిసి పోటీపడతారు. బ్రిటన్ ఈతగత్తె ఎల్లీ సిమండ్స్ 13 ఏళ్ల ప్రాయంలో, 2008 బీజింగ్ క్రీడలలో అలాంటి ఎస్-6 తరగతిలోనే రెండు స్వర్ణాలు సాధించింది. పారా పవర్‌లిఫ్టింగ్‌లోనైతే శరీర భారమే ప్రమాణం.

తరగతులను మరీ పెంచితే ఒక్కొక్క దానిలో పోటీదారులు కరువై పోటీకి అర్థమే ఉండదు. మరీ తగ్గిస్తే పొట్టివారిలోనూ పొట్టివారికి ఓటమి ముందే ఖాయమవుతుంది. ఎక్కడ గీత గీసినా ఆ గీతకు అటూ ఇటూ ఒకటి రెండు సెంటీమీటర్ల తేడాతో ఎవరో ఒకరు నిలిచే ఉంటారు. ఆ బాధను పూర్తిగా తొలగించలేము. గీత ఎందుకు అక్కడ ఉన్నదో అందరికీ తెలిసేలా, అందరికీ ఒకేలా వర్తించేలా మాత్రం చేయగలము.

2024 పారిస్ పారాలింపిక్స్‌లో హర్యానాకు చెందిన నవదీప్ సింగ్ ఎఫ్-41 జావెలిన్‌ను 47.32 మీటర్ల దూరం విసిరాడు. అతనికంటె ముందు నిలిచిన క్రీడాకారుడు ప్రవర్తనా నియమావళిని ఉల్లంఘించి అనర్హుడు కావడంతో స్వర్ణం నవదీప్‌కు దక్కింది. అదే క్రీడలలో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన రొంగలి రవి ఎఫ్-40 షాట్‌పుట్‌లో 10.63 మీటర్లు విసిరి అయిదవ స్థానంలో నిలిచాడు. రవికి పతకం రాలేదు. కాని అతడు ఓడినది తన ఎత్తు చేతిలో కాదు, తనతో సమానమైన కొలతలు గలిగి, ఆనాడు తనకంటె బాగా విసిరినవారి చేతిలో.

మన చలనచిత్రాలలోను, మాటల్లోను పొట్టి శరీరం ఎంతో కాలంగా నవ్వులకు వస్తువైంది. పరిహాసమైనా, జాలి అయినా ఎదుటి మనిషిని పోటీదారుగా గుర్తించవు. తగిన తరగతిలో నిలిచిన క్రీడాకారుడు దయను కోరడు. సమ ఉజ్జీని కోరతాడు. గెలిచే అవకాశంతోపాటు న్యాయంగా ఓడిపోయే హక్కు కూడా అతనికి ఉండాలి.