పాలపుంత కేంద్రంలోని వృద్ధ తారలు: పరారుణ సర్వేక్షణల ప్రాధాన్యం

1. ఉపోద్ఘాతం

గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్నంలో సొంత వేధశాలను నెలకొల్పారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న శుక్రగ్రహ సంక్రమణాన్ని ఈ నగరం నుంచే పరిశీలించారు. నాటి దూరదర్శినులు దృశ్యకాంతిపై ఆధారపడినవి. వాటిని ధనూరాశి వైపు తిప్పినా పాలపుంత కేంద్రం కనిపించదు. సుమారు 26,000 కాంతిసంవత్సరాల దూరంలోని ఆ కేంద్రం నుంచి బయలుదేరిన దృశ్యకాంతిలో లక్ష కోట్ల వంతుల్లో దాదాపు ఒక వంతు మాత్రమే మనకు చేరుతుంది. తక్కినదాన్ని నడుమనున్న ధూళి అడ్డుకుంటుంది. 2.2 మైక్రాన్ల పరారుణ కాంతిలో మాత్రం పదో వంతుకు కాస్త తక్కువగా చేరుతుంది.

2. వేడి, కాంతి, వార్ధక్యం

ఉక్కునగరవాసులకు ఈ విషయం సులభంగా బోధపడుతుంది. ఎర్రగా కాలిన ఉక్కుదిమ్మ చల్లారుతూ నల్లబడుతుంది. అయినా దగ్గరకు వెళ్తే సెగ తగులుతుంది. ఆ సెగే పరారుణ వికిరణం. వస్తువు చల్లబడేకొద్దీ దాని వికిరణం దీర్ఘ తరంగాల వైపు జరుగుతుంది.

సూర్యుని వంటి తార తన కేంద్రంలోని హైడ్రోజన్ తరిగిపోయాక ఉబ్బి అరుణ మహాతార అవుతుంది. మలిదశలో దాని ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 3,000 కెల్విన్‌లు. ప్రకాశం 1 మైక్రాన్ సమీపంలో అధికం. అది స్పందిస్తూ బాహ్యపొరలను విడిచిపెడుతుంది. ఆ వాయువు చల్లారగా ఏర్పడిన ధూళి 10 మైక్రాన్ల పరిసరాల్లో ప్రకాశిస్తుంది.

3. ఐసోగాల్ సర్వేక్షణ

ఐరోపా అంతరిక్ష సంస్థ 1995 నవంబరులో ప్రయోగించిన ఐసో ఉపగ్రహంతో ఐసోగాల్ సర్వేక్షణ జరిగింది. పాలపుంత అంతర్భాగంలో సుమారు 16 చదరపు డిగ్రీల మేర, 7, 15 మైక్రాన్ల వద్ద దాదాపు లక్ష కాంతిమూలాలు నమోదయ్యాయి. కేంద్ర ఉబ్బెత్తు ప్రాంతంలో వీటిలో అధికభాగం అరుణ మహాతారలే. ధూళి లేని తార 15 మైక్రాన్ల వద్ద మందగిస్తుంది. ధూళి కప్పుకున్నది అక్కడ అదనంగా ప్రకాశిస్తుంది. ఈ రెండు కొలతల భేదాన్ని బట్టి తార ఎంత ద్రవ్యాన్ని కోల్పోతున్నదో అంచనా వేయవచ్చు.

4. ముగింపు

ఇక్కడ ‘ధూళి’ అనే ఒక్క మాట రెండు పాత్రలు పోషిస్తున్నది. దారిలోని ధూళి తారను మరుగుపరుస్తుంది. తార చుట్టూ ఉన్న ధూళి దాని వార్ధక్యాన్ని వెల్లడిస్తుంది. తెలుగులో శాస్త్రరచన చేసేవారు మొదటిదాన్ని ‘నక్షత్రాంతర ధూళి’ అనీ, రెండవదాన్ని ‘పరితారా ధూళి’ అనీ వేరుచేసి చెప్పడం అవసరం. లేకుంటే పాఠకునికి ధూళి కేవలం అవరోధంగానే మిగిలిపోతుంది. తరువాతి తరం తారలకూ గ్రహాలకూ ముడిసరుకు ఈ వృద్ధ తారలు విడిచిన ద్రవ్యం నుంచే కొంత సమకూరుతుందన్న సంగతి మరుగున పడుతుంది.